మూడు మంచులు

నా చిన్నప్పుడు మా అమ్మకు మంచు అంటే ఒక్కటే. కాకినాడలో పుష్యమాసపు పొద్దున గడ్డి మొనల మీద నిలిచేదీ మంచే, ఎదురింటి గేటు కనబడకుండా కమ్మేసేదీ మంచే, మేము ఇంగ్లండులోని షెఫీల్డ్ వచ్చిన మొదటి చలికాలంలో కిటికీ తెరిచేసరికి వీధంతా తెల్లగా పరుచుకుని ఉన్నదీ మంచే. ఆ ఒక్క మాట కారణంగా నేను ఒక మనిషి మీద పగబట్టాను. ఆ పగ తీర్చుకున్నాను కూడా. అది తీరిన రోజు గురించే ఇక్కడ రాస్తున్నాను. ఇన్నేళ్ళు గడిచాక ఆమె మీద జాలి కలుగుతోందని చివరలో రాస్తానేమోనని ఎదురుచూసేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆస్పత్రి ప్రయోగశాలలో ఇతరులు పంపిన ఫలితాలను సరిచూడడమే నా పని. మనిషి జ్ఞాపకం తనకు అనుకూలంగా ఎంత సులువుగా సర్దుకుంటుందో ఎరిగినదాన్ని. అందుచేత ఈ సంగతులను మా పిన్నినీ, ఆ రోజు నా పక్కన ఉన్న స్నేహితురాలినీ విడివిడిగా అడిగి, వారి మాటలను నా జ్ఞాపకంతో పోల్చి చూసుకున్నాను. పొసగని చోట పొసగలేదనే రాస్తాను.

మా నాన్న షెఫీల్డ్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో డాక్టరు. ఆయన డ్యూటీల వరసను బట్టి మా ఇంట్లో నిద్రలూ భోజనాలూ నడిచేవి. మా వీధి నిటారుగా కొండ మీదికి ఎక్కేది. పైకొసన, మూల ఇంట్లో పియానో టీచర్ ఉండేది. చుట్టుపక్కల పిల్లలందరూ ఆమె దగ్గరే నేర్చుకునేవారు. ఒక చాపెల్, అంటే చిన్న చర్చి, మూసేస్తూ వదిలించుకున్న పాత పియానోను నాన్న తెచ్చి ముందుగదిలో పెట్టించడంతో నన్నూ అక్కడికే పంపారు.

ఆమె నేర్పేవి పెద్ద కచేరీలలో వాయించే సంగీతం కాదు. ఒక పేజీ, మహా అయితే రెండు పేజీలుండే చిన్న చిన్న పియానో ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక పేరుండేది. ‘గడియారాల దుకాణం’, ‘అలిగిన పాప’, ‘కొలిమి ఆరిన సాయంత్రం’ ఇలాంటివి. వాటిలో పాడుకోవడానికి మాటలుండవు, చెప్పుకోవడానికి కథ ఉండదు. పేరులో ఉన్న దృశ్యమో, మనసులోని ఒకానొక స్థితో ఆ కాస్త వాయింపులోనే వినబడాలి. ఆమె వాటిని ‘పిక్చర్స్’ అనేది. మా పిన్ని ‘బొమ్మలు’ అనేది. మేము పేరు చెప్పి వాయించడం అవగానే టీచర్ కళ్ళు మూసుకుని తనకు కనబడినదంతా వర్ణించేది. ఆ వర్ణన వినడానికే వచ్చే తల్లిదండ్రులు కూడా ఉండేవారు. ఒట్టి గాలిలోంచి ఒక మనిషి అంత చూడగలగడం ఆ వయసులో నాకూ మహత్తులాగే తోచేది.

మా అమ్మ ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది. నేను ఏ ముక్క సాధన చేస్తున్నానో తనకూ తెలియాలని, నాన్నచేత అర్థం చెప్పించుకుని, నా పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు పేరు పైనా పెన్సిలుతో తెలుగు పేరు రాసిపెట్టేది. “ఇవాళ అలిగిన పాప ఏదే? వినబళ్ళేదు!” అని వంటింట్లోంచి కేకేసేది. ఆ పుస్తకంలో ఫాగ్ అనే ముక్క ఒకటి, స్నో అనేది ఒకటి, డ్యూ అనేది ఒకటి వేర్వేరు చోట్ల ఉండేవి. మూడింటి మీదా అమ్మ తన గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసింది: మంచు. నాకు అందులో చిక్కేమీ కనబడలేదు. మూడూ మంచే కదా.

వసంతకాలంలో జరిగే పిల్లల కచేరీకి టీచర్ నాకు స్నో ఇచ్చింది. పిల్లలందరూ కోరుకునేది ఆ ముక్కనే. అది నాకు వచ్చిందని విని అమ్మ ఆ పూట పాయసం వండింది. కచేరీకి రెండు నెలల ముందు ఒక శనివారం టీచర్ ఇంట్లో ఒకసారి అందరిచేతా వాయించి చూశారు. గోడవారగా కుర్చీలు వేసి తల్లిదండ్రులను కూర్చోబెట్టారు. అమ్మ మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని, పైన కోటు తొడుక్కుని వచ్చింది.

నా వంతు వచ్చింది. కంగారులో పుస్తకం తెరిచి, పైన మంచు అన్న అమ్మ రాత కనబడగానే మొదలుపెట్టేశాను. మూడు ముక్కలూ నాకు వచ్చు కాబట్టి కన్ను చూసినదాన్ని వేళ్ళు అనుసరించాయి. అది మంచే గాని వేరే మంచు. ఫాగ్.

టీచర్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. మూడు చోట్ల ఒకే రాత కనబడేసరికి దాన్ని అందరికీ ఎత్తి చూపిస్తూ, ఇదేమిటని అమ్మను అడిగింది. అమ్మ లేచి నిలబడింది. తప్పు జరిగిందని తెలుసు గాని ఏ తప్పో తెలియని మనిషి నవ్వే నవ్వొకటి నవ్వి, “సేమ్ వర్డ్, మేడమ్. ఆల్ సేమ్” అంది.

“అదీ సంగతి,” అంది టీచర్, మిగిలిన తల్లిదండ్రుల వైపు తిరిగి. “మూడింటికీ ఒకే మాట ఉన్నచోట, చెవికి మూడూ ఒకేలా వినబడడంలో వింతేముంది? పాపం, పిల్లను అనడానికి లేదు. వాళ్ళకు లేని తేడాను తను ఎలా వింటుంది?”

కొందరు నవ్వారు. మర్యాదగా, లోపలికే నవ్వారు. ఆ తరువాత ఆమె చేసినదాన్నే నేను క్షమించలేదు. రబ్బరు తీసి, అమ్మ ఎదుటే నిలబడి, ఆ మూడు మాటలనూ ఒకదాని తరువాత ఒకటి తుడిచేసింది. తుడిచిన పొట్టును నోటితో ఉఫ్ మని ఊదింది. అది వెళ్ళి అమ్మ పట్టుచీర కుచ్చెళ్ళ మీద పడింది. అమ్మ దాన్ని దులపలేదు. దాని మీద చేయి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

స్నో ముక్కను అప్పటికప్పుడే నా దగ్గర తీసుకుని ఒక ఎర్రజుట్టు అమ్మాయికి ఇచ్చారు. నాకు ‘తూర్పుదేశపు బజారు’ అనే ముక్క ఇచ్చారు. అది నా రక్తంలోనే ఉంటుందట. నాకు తెలిసిన బజారల్లా శనివారాలు నాన్నతో కలిసి వెళ్ళే కూరగాయల మార్కెట్టు. అది షెఫీల్డ్‌లోనే ఉంది.

కొండ దిగి ఇంటికి వచ్చాం. తాళం తీస్తూ అమ్మ, “రబ్బరుతో అంత గట్టిగా రుద్దితే కాగితం చిరిగిపోదుటే?” అంది. ఆ తరువాత నా పుస్తకంలో అమ్మ ఏమీ రాయలేదు. వంటింట్లోంచి కేక కూడా రాలేదు. నేను వాయిస్తుంటే తలుపు దగ్గరగా వేసేసేది.

నాకు స్నో పోయినందుకు బాధ ఉందా అంటే ఉంది. కాని నన్ను కాల్చింది ఆ తలుపు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవాలి, తెరుచుకునేలోగా ఆ టీచర్ ఏడవాలి. అంతకుమించి నా మనసులో మరొకటి లేదు. వంటింటి అలమరలో గోల్డెన్ సిరప్ డబ్బా ఉండేది. బంగారు రంగులో, తేనెకంటే చిక్కగా ఉండే చక్కెర పాకం అది. దాన్ని ఆమె పియానో మూత తెరిచి తీగల మీద పోసేయాలని నిశ్చయించుకున్నాను. పాకం కారే దారి, మెట్లు అతుక్కుపోయే తీరు, ఆమె వేళ్ళు అంటుకుపోయి రాకపోవడం, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఊహించుకునేదాన్ని. నేను చూసిన పిక్చర్స్‌లో అంత స్పష్టమైనది మరొకటి లేదు.

ఒక ఆదివారం పిన్ని వచ్చింది. పిన్ని అంటే అమ్మకు సొంత చెల్లెలు. అక్కడి యూనివర్సిటీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉండేది. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. వస్తూనే, డబ్బాతో బయలుదేరిన నన్ను చూసింది.

“ఏంటే, డబ్బా చంకలో పెట్టుకుని పెళ్ళికా?”

అంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. పిన్ని నన్ను దగ్గరికి తీసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, “సరే, సిరప్ పోశావనుకో. ఏమవుద్ది?” అని అడిగింది.

“పియానో పాడైపోతుంది.”

“పియానో ఏమందే నిన్ను?”

“పోనీ, ఆవిడన్నది నిజమేమో కనుక్కున్నావా?” అంది పిన్ని. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమని ఎలా అంటావని అరిచాను. పిన్ని చెయ్యెత్తి ఆపింది. “నేను నిజమన్లేదు. కనుక్కున్నావా అన్నాను. నిజమైతే ఆవిడ నోటి దురుసుకి ఏడుద్దాం. అబద్ధమైతే ఆవిడ నోటితోటే చెప్పిద్దాం. రెంట్లో దేనికీ సిరప్ అక్కర్లేదు. ఇలా ఇయ్యి, అట్ల మీదకి పనికొస్తుంది.”

ఆ పూట మేము అట్లు సిరప్‌తో తిన్నాం. తింటూ పిన్ని తన ప్రయోగశాల సంగతి చెప్పింది. అక్కడ ఎవరైనా ఒక సీసా మూత తీసి వాసన చూసి, ఇది ఫలానా అని ధీమాగా అంటే, వీళ్ళు మరుసటి రోజు సీసా మీది చీటీ తీసేసి మళ్ళీ అదే సీసా అందిస్తారట. చీటీ ఉన్నప్పుడు ముక్కుతో చెప్పాడో కంటితో చెప్పాడో అప్పుడు తేలిపోతుందట. “ఆవిడ దగ్గర మాటలు మూడున్నాయి కదా,” అంది పిన్ని, వేలు నాక్కుంటూ. “చెవులెన్ని ఉన్నాయో చూద్దాం.”

కచేరీలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి పిల్లా టీచర్ ఇచ్చిన ముక్క వాయించాక, తను సొంతంగా ఎంచుకున్న మరో ముక్క వాయించాలి. అది టీచర్ అంతకుముందు విననిదై ఉండాలి. పేరు మాత్రం ముందు చెప్పాలి. టీచర్ కళ్ళు మూసుకుని విని, అందరి ఎదుటా దృశ్యం వర్ణిస్తుంది. ఆమె కీర్తి అంతా ఆ ఘట్టంలోనే ఉంది. పిన్ని గురిపెట్టిందీ అక్కడే.

పథకం ఇది. ఒకే ముక్కను కచేరీ మొదటి భాగంలో ఫాగ్ అనీ, టీ విరామం తరువాత రెండో భాగంలో స్నో అనీ వినిపించాలి. సంగీతం తెలిసిన మనిషి అదే ముక్కను రెండోసారి వింటే పోల్చుకోలేదా అని చదివేవారికి సందేహం రావాలి. నాకూ వచ్చింది. అందుకే ఆ ముక్కను మేమే తయారు చేశాం. “పాటంటూ ఉంటే పట్టేసుద్దే. పాట లేకుండా చేద్దాం,” అంది పిన్ని. చిన్నప్పుడు ఆమె హార్మోనియం నేర్చుకుంది. హాస్టల్ హాల్లో మూలపడి ఉన్న పియానో దగ్గర శనివారాలు కూర్చుని, ఎడమ చేతికి దూరదూరంగా రెండు మెత్తని స్వరాలు, కుడి చేతికి ఎక్కడా ఒక వరసగా అల్లుకోకుండా చెదురుమదురుగా రాలే స్వరాలు కూర్చాం. కూనిరాగం తీద్దామన్నా నోటికి అందేది కాదు. ఇంట్లో దాన్ని ఎప్పుడూ వాయించకూడదని పిన్ని షరతు.

రెండో షరతు అబద్ధమాడకూడదని. “ఒక్క అబద్ధం దొరికితే చాలు, ఆవిడ దాన్ని పట్టుకుని బయటపడిపోద్ది. పగ తీర్చుకునేవాళ్ళ చేతులు శుభ్రంగా ఉండాలే.” ఒకే ముక్కకు రెండు పేర్లు చెప్పడం అబద్ధం కాదా అని అడిగాను. పిన్ని, “దాని పేరేంటో నువ్వే చెప్పు,” అంది. అప్పుడు నాకు అర్థమైంది. పడీ పడీ నవ్వాను. అమ్మ తలుపు మూసుకున్న తరువాత నేను నవ్వడం అదే మొదటిసారి.

రెండోసారి వాయించవలసింది నేను కాదు. ఒకే పిల్ల రెండుసార్లు వాయిస్తే వెంటనే అనుమానం వస్తుంది. పైగా నాకు బదులుగా టీచర్ ఎంచుకున్నది ఆ ఎర్రజుట్టు అమ్మాయిని. కనుక ఆ అమ్మాయే కావాలి. ఆమె తండ్రికి వీధి చివర మాంసం దుకాణం. నా ముక్క తీసుకున్న మనిషి కాబట్టి ఆమె మీద కూడా నాకు మంటే. బడిలో అన్నం గంటకు వెళ్ళి, ఆడగలవా ఈ నాటకం అని పౌరుషంగా అడిగాను. తను నన్ను ఎగాదిగా చూసి, “నా వేళ్ళు సాసేజ్‌లట. మా నాన్న ముందే అంది ఆవిడ. ఎప్పుడు మొదలెడదాం?” అంది. ఆ క్షణం నుంచి ఈనాటి దాకా ఆమె నా స్నేహితురాలు. నాతో సమానంగా పగబట్టగల మనిషి నాకు మరొకరు తారసపడలేదు. తను ఆ ముక్కను ఒక స్థాయి పైన, పియానోకు కుడివైపు చివరి మెట్ల మీద నేర్చుకుంది.

కచేరీ మా పేటలోని మరో చాపెల్ హాల్లో జరిగింది. అమ్మ రానంది. నాన్న చెప్పినా వినలేదు. పిన్ని వెళ్ళి, “అక్కా, ఆ మామిడిపండు చీరే కట్టు,” అనడం మాత్రం విన్నాను. ఇంకేమైనా చెప్పిందేమో తెలియదు. అమ్మ ఆ చీరే కట్టుకుని వచ్చి, వెనక వరసలో పిన్ని పక్కన కూర్చుంది.

మొదటి భాగంలో నేను బజారు వాయించాను. చప్పట్లు కొట్టారు. తరువాత లేచి నిలబడి, “ఫాగ్” అని ప్రకటించి, మా ముక్క వాయించాను. టీచర్ పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నది. అంచులు చెరిగిపోయిన లోకం కనబడుతోందన్నది. ఏదీ దేనినుంచీ విడివడి లేదన్నది. రేవులో ఒక మసక దీపం ఉందన్నట్టు నాకు గుర్తు. దారి తప్పిన ఆవు అన్నదని నా స్నేహితురాలి వాదన. రెండూ అన్నదని పిన్ని అంటుంది. చివరి వాక్యం మీద మాత్రం ముగ్గురికీ తేడా లేదు. “ఈ పిల్లకు ఇది సహజంగానే కుదిరింది. అలుక్కుపోయినట్టుంది కదా,” అన్నది టీచర్.

తరువాత ఇంకా కొందరు పిల్లలు వాయించారు. టీ ఇచ్చారు, బిస్కెట్లు పంచారు. రెండో భాగంలో నా స్నేహితురాలు నా దగ్గర తీసుకున్న స్నో వాయించింది. ఆపైన లేచి, “ఇది కూడా స్నోనే, మిస్. మరొక స్నో” అని చెప్పి, మా ముక్క మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు నేను ఎదురుచూడనిది జరిగింది. నాలుగు స్వరాలు పడ్డాయో లేదో, వెనక వరసలోంచి మా అమ్మ గొంతు వినబడింది. “ఇది ఇందాక మన పిల్ల వాయించిందే కదుటే?”

“ఉష్, అక్కా! నీకు దణ్ణం పెడతా, ఊరుకో,” అంది పిన్ని.

హాలంతటిలో తెలుగు తెలిసినవాళ్ళం మేమే. టీచర్ కళ్ళు తెరవలేదు. ముక్క అయిపోయింది. టీచర్ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఎవరూ అడుగుపెట్టని పొలం కనబడుతోందన్నది. రాలే ప్రతి తునకా దేనికది విడిగా, శుభ్రంగా, చల్లగా తెలుస్తోందన్నది. చెంపలు చురుక్కుమన్నాయని చెంప మీద చేయి కూడా వేసుకుంది. కళ్ళు తెరిచి తల్లిదండ్రులతో, “చూశారా! దీనితో పుట్టిపెరిగిన బిడ్డ వాయిస్తే ఇలా ఉంటుంది. ఇది నేర్పితే వచ్చేది కాదు. దీనినీ, ఇందాక విన్న ఫాగునూ పక్కపక్కన పెట్టి చూడండి,” అన్నది.

పెట్టి చూడమని ఆమే అడిగింది. మేము అడిగించలేదు. ఈ విషయంలో కూడా ముగ్గురి సాక్ష్యం ఒకటే.

నా స్నేహితురాలు పీట మీద పక్కకు జరిగింది. నేను వెళ్ళి ఆమె ఎడమవైపు కూర్చున్నాను. తను పై మెట్ల మీద తన స్నో, నేను కింది మెట్ల మీద నా ఫాగ్, ఇద్దరమూ కలిసి మొదలుపెట్టాం. ఒక్క వేలూ తడబడలేదు. కిందా పైనా ఒకే స్వరం ఒకేసారి పడుతూ వెళ్ళింది. నడిమికి వచ్చేసరికి హాల్లో అందరికీ తెలిసిపోయింది. వెనకనుంచి మాంసం కొట్టు ఆయన మొదట నవ్వాడు. ఆ నవ్వు లోపలికి నవ్వినది కాదు. కుర్చీలు కదిలేంత నవ్వు. దాని వెనక మిగిలినవాళ్ళదీ వచ్చింది.

టీచర్ లేచి నిలబడింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు పైకి పాకడం నేను కళ్ళారా చూశాను. చూసి ఆనందించాను. “రెండు పేర్లు చెప్పారు. అబద్ధం చెప్పారు. నా ఎదుట, పెద్దవాళ్ళ ఎదుట!” అంది.

ఆ మాట కోసమే నేను ఎన్ని శనివారాలుగానో కాచుకుని కూర్చున్నాను. లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాను. “అబద్ధం కాదు, మిస్. దీని పేరు మంచు. ఫాగ్ అన్నా మంచే, స్నో అన్నా మంచే. మా అమ్మ చెప్పింది కదా. ఆల్ సేమ్, మిస్.”

రుజువు ఆమె నోటినుంచే వచ్చింది. ఆమె పియానో మూత దించి, పిల్లలను కోట్లు వేసుకోమంది. ఆమె చేతుల వైపు చూశాను. సర్దిన పుస్తకాలనే మళ్ళీ సర్దుతున్నాయి. జాలి పడవలసిన చోటు అదేనేమో. నేను అమ్మ చీర కుచ్చెళ్ళ వైపు చూశాను. జాలి రాలేదు.

ఆ వారం నుంచి ఆమె నాకు పాఠం చెప్పనని కబురు పంపింది. నాన్నకు కాస్త చిన్నతనంగా అనిపించినట్టుంది. “ఇంత అవసరమా?” అన్నారు. అమ్మ నా పుస్తకం తెమ్మని, పెన్సిలు చెక్కించుకుని, తుడిచిన మూడు చోట్లా మళ్ళీ రాసింది. ఎంత గట్టిగా అదిమి రాసిందంటే వెనక పేజీ మీద కూడా అచ్చు పడింది. వంటింటి తలుపు ఆ సాయంత్రం నుంచి మళ్ళీ బార్లా తెరుచుకుంది.

కాని పిన్ని అంతటితో వదలలేదు. మరుసటి ఆదివారం మా పియానో దగ్గర కూర్చుని, “ఇది గోదారి మీద వాన. విను,” అంటూ ఏదో వాయించింది. కళ్ళు మూసుకున్నాను. వాన కనబడింది. పడవ కూడా కనబడింది. కాసేపు కబుర్లాడి, “ఇది తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడు,” అని ఇంకొకటి వాయించింది. పిల్లాడు కనబడ్డాడు, ఏడుస్తూనే కనబడ్డాడు. రెండూ ఒకటేనని చెప్పి నా ముఖంలోకి చూసింది. “ఇప్పుడు చెప్పు, ఆవిడకీ నీకూ తేడా ఏంటి?”

నేను ఆలోచించి, “ఆవిడ అందరి ముందూ దొరికిపోయింది. నేను మనింట్లో దొరికిపోయాను,” అన్నాను. పిన్ని పకపకా నవ్వి, అంతే తేడా అని ఒప్పుకుంది. వినేటప్పుడు మూయవలసింది కళ్ళను కాదనీ పేరుననీ ఆమె నాకు చెప్పింది అప్పుడే.

తరువాతి రోజుల్లో ఆ మధ్యాహ్నాన్ని సరిచూసే మనిషిగా ఎన్నోసార్లు విప్పి చూసుకున్నాను. వినేవారు ఒక్కరు, వినిపించినది ఒక్క మధ్యాహ్నం. అంతమాత్రాన మనుషులందరి చెవుల గురించీ ఏదీ తేలదు. నాకు మూడు మంచుల తేడా వినబడుతుందని కూడా ఆ ప్రయోగం చూపలేదు. ఆమెకు వినబడుతుందన్న నమ్మకాన్ని మాత్రం పడగొట్టింది. నాకు కావలసినదీ అంతే. మరో సంగతి, పెద్దయ్యాక నిఘంటువు తిరగేస్తే హిమం, తుషారం, నీహారం, పొగమంచు అన్నీ కనబడ్డాయి. తెలుగులో మాటలకు కొదవ లేదు. మా ఇంట్లో వాడుకునే మాట ఒకటి, అంతే. తనకు తెలియనిదాన్ని ఆమె మాకు లేనిదిగా లెక్కకట్టింది.

ఇప్పటికీ నాకు పూర్తిగా తెగనిది అమ్మ సంగతి. హాలు నిండా సంగీతం నేర్పేవారూ, నేర్చుకునేవారూ, పిల్లలను తెచ్చి విన్నవారూ ఉన్నారు. నాలుగు స్వరాలకే అది అదేనని పోల్చుకున్నది మా అమ్మ ఒక్కతే. ఇంట్లో నేను బల్ల మీద వేళ్ళతో ఆ నడక కొట్టి ఉంటానేమో, అది విని ఉంటుందేమోనని ఆమె బతికి ఉండగా గుచ్చి గుచ్చి అడిగాను. “గుర్తులేదే. ఒకటే మోత కదా, ఎవరికైనా తెలుసుద్ది,” అనేది. అప్పుడు ఇంగ్లీషులో ఏం పేరు చెప్పారో గుర్తుందా అని అడిగితే, “వాళ్ళేం చెప్పారో నాకేం తెలుసు? గబగబా అనేస్తారు,” అనేది. పేరు ఆమెను చేరలేదు. స్వరం ఒక్కటే చేరింది. ఒక్క ఉదాహరణ మీద ఆధారపడి ఇంతకంటే ఎక్కువ అనడానికి నా వృత్తి ఒప్పుకోదు. తక్కువ అనడానికి నా మనసు ఒప్పుకోదు.

ఆ రోజు నుంచి నా వెంట వస్తున్నవి రెండు. ఒకటి అలవాటు. ఉద్యోగంలో ఏ ఫలితం నా బల్ల మీదికి వచ్చినా, పంపినవారి పేరునూ శీర్షికనూ అట్టముక్కతో మూసి, ముందు లోపలిది చదివేదాన్ని. ఇప్పుడు మనవరాలు కీబోర్డు ముందు కూర్చుని, “గెస్ వాట్ ఇట్స్ కాల్డ్, అమ్మమ్మా!” అంటే, “పేరు తరవాత, ముందు వాయించు” అంటాను.

రెండోది ఆ పగే. అది తీరింది గాని చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోలేదు. చలికాలం పొద్దుట, ఇప్పుడు నేనుంటున్న వాట్‌ఫర్డ్‌లో మా ఇంటి పరదా తీస్తే బయటంతా తెల్లగా కనబడుతుంది. అది ఫాగో స్నోనో కళ్ళజోడు పెట్టుకుంటే గాని తెలియదు. వెంటనే పెట్టుకోను. కొండ మీది ఆ మూల ఇంటినీ, మెడ మీదుగా పైకి పాకిన ఆ ఎరుపునూ ఒకసారి తలుచుకుని, “ఆల్ సేమ్, మిస్” అని పైకే అంటాను. ఆ మాట నోట్లో ఇప్పటికీ తియ్యగా ఉంటుంది, పిన్నితో కలిసి అట్ల మీద పోసుకుని తిన్న ఆ సిరప్ కంటే తియ్యగా.